నల్లపూత ఆరేలోగా

పూర్ణా మార్కెట్ వెనక సందులో ఒక రేకుల షెడ్డు. గడియలకీ, బందులకీ, శవపెట్టెల పిడులకీ పాతకాలపు నల్లపూత పూసి బట్టీలో కాల్చే సుందర్ రాజ్ పనిలో ఉన్నాడు. నాలుగేళ్ళుగా తనతో మాటల్లేని తమ్ముడి భార్య రోజలిన్ బరువైన గుడ్డసంచితో లోపలికి వచ్చింది.

“అది ముట్టుకోకమ్మా! తడి మీద ఉన్నాది.”

“సూసుకోలేదు బావగారూ. ఏలికి అంటీసింది.”

“ఆ గుడ్డ తీసుకో. కిరసనాయిలు గిన్నెలో ముంచి తుడుసుకో. సబ్బుకి పోదు అది.”

“మావయ్యగారి సేతులు గుర్తొచ్చాయి. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ ఇదే నలుపు.”

“ఆ గడియ పాడైపోనాది. గీకీసి మళ్ళీ పుయ్యాల.”

“అయ్యో. సారీ అండీ.”

“పర్లేదులే. కూకో. ఆ స్టూలు మీదొద్దు, దానికీ అంటింది. ఆ పీట లాక్కో.”

“నిలబడతాను.”

“నిలబడ్డానికి కూర్మన్నపాలెం నుంచి ఇంత దూరం రాలేదు కదేటి. ఏటి పని?”

“పనే. పని మీదే వచ్చాను.”

“అదే, ఏ పని?”

“ముందు కాసిన్ని మంచినీళ్ళు ఇప్పిస్తారా? బస్సులో నిలబడే వచ్చాను.”

“కుండ అటున్నాది. ఆ గ్లాసు కాదు! అందులో టర్పెంటైన్ పోసాను. ఇది తీసుకో. ఇది మంచిదే.”

“మీ దగ్గర వాసన సూసుకుని తాగాలన్నమాట.”

“మీ అక్క రోజూ అదే అనీది.”

“అక్క ఫోటో ఇక్కడ పెట్టారా? ఇంట్లో ఉంటాదనుకున్నాను.”

“ఇంట్లో ఎవరున్నారు సూడ్డానికి? నానుండేది ఇక్కడ. పని సెప్పు రోజలిన్.”

“ఈ సంచిలో ఉన్నాయి. బరువు, సూసి పట్టుకోండి.”

“ఏటివి... ఓలమ్మ! ఇవి నాన్న పోత పోయించినవి కదా.”

“అవునండీ.”

“కర్ర అచ్చు నాన్నే సెక్కాడు. ఈ ద్రాక్షాకు సూడు, ఈనెలు కూడా తెలుస్తన్నాయి. ఆ అచ్చు సెక్కినన్నాళ్ళూ మమ్మల్ని దగ్గరికి రానివ్వలేదు. అన్నీ ఉన్నాయా?”

“ఆరు పిడులూ ఉన్నాయి. మూలలకేసే సిలవలు, మరలు కూడా ఆ మూటలో ఉన్నాయి.”

“ఎక్కడివి ఇవి? ఎప్పుడో పోనాయనుకున్నాను.”

“మంచం కింద ట్రంకులో. నూనె గుడ్డలో సుట్టి దాసుకున్నారు.”

“ఆడు దాసుకున్నాడా? అమ్మీసాడనుకున్నాను.”

“అమ్ముకునే మనిషి కాదు బావగారూ ఆయన.”

“ఆడి గురించి నానడగలేదు.”

“నానూ సెప్పలేదు. పిడుల గురించే సెప్పాను.”

“ఊఁ. తుప్పు పట్టీసింది. ఇక్కడ సూడు, పాత పూత పొరలు పొరలుగా లేసిపోతంది. గాని లోపల ఇనుము గట్టిగానే ఉన్నాది. నాన్న ఏది సేసినా గట్టిగా సేసీవోడు.”

“మళ్ళీ ఆ నలుపు వెయ్యగలరా? పాత రకంది. మొహం కనపడీది దాంట్లో.”

“జపాన్ నలుపు. ఎయ్యగలను, నా పనే అది. గాని నీకెందుకు? ఇప్పుడందరూ బంగారం రంగు ప్లాస్టిక్ పిడులే కొనుక్కుంటన్నారు. తెచ్చుకున్న పూటే బిగించీసుకుంటారు.”

“అవి వొద్దన్నారు.”

“ఎవరు?”

“అడిగినోళ్ళు.”

“అదే, అడిగినోళ్ళెవరు?”

“మా చర్చి సంఘంలో... ఒకరు.”

“మీ సంఘంలో ఒకరు అడిగితే నాన్న పోయించిన పిడులు తీసి ఇచ్చీసాడా ఆడు?”

“ఎన్నాళ్ళు పడతాది బావగారూ?”

“నానడిగిందానికి సెప్పు.”

“మీరు సెప్పండి ముందు. ఎన్నాళ్ళు పడతాది?”

“ఏటి సెప్తాను. తుప్పంతా గీకాల. సోడా నీళ్ళలో మరిగించాల. ఏలిముద్రంత జిడ్డు మిగిలినా అక్కడ పూత పట్టదు. తర్వాత ఒక పూత, బాగా పల్సగా. గాలికి కాస్త బిగిసాక బట్టీలో పెట్టి సెగ మెల్లమెల్లగా పెంచాల. సల్లారాక నున్నగా రుద్దాల. మళ్ళీ పూత, మళ్ళీ బట్టీ. అలా మూడు నాలుగు పూతలు పడితేగాని ఆ లోతు రాదు. వారం అనుకో.”

“వారమా?”

“వారమే. వాన ముసురు పట్టిందా, ఇంకో రెండ్రోజులు.”

“బేగి అవ్వదేటి? సెగ ఎక్కువ పెడితే?”

“ఎక్కువ పెడితే పొక్కులొచ్చీస్తాయి. పైపైన ఆరినట్టుంటాది, అడుగున పచ్చిగానే ఉంటాది. గోరు పెడితే ఊడొచ్చీస్తాది. అయినా అంత తొందరేటి? మనిషి పోయాడా?”

“లేదు.”

“పోలేదా?”

“లేదండీ. ఉన్నారు.”

“మరి ఉన్న మనిషికి పెట్టె పిడులేటి రోజలిన్?”

“ఆయనే కావాలన్నారు.”

“ఎవరు?”

“మీకు తెలుసు.”

“నాకు తెల్దు. నువ్వు సెప్పు.”

“మీ తమ్ముడు.”

“ఆ గుడ్డ ఇటియ్యి.”

“బావగారూ...”

“బట్టీ సూడాల. పక్కకి జరుగు. సెగ ఎక్కువైనట్టున్నాది.”

“నాను సెప్పింది ఇన్నారా?”

“ఇన్నాను.”

“మీ తమ్ముడు. యోహాన్. మళ్ళీ సెప్పమంటారా?”

“ఇన్నానన్నాను కదా! ఆడికేటైనాది?”

“ఊపిరితిత్తుల్లో గడ్డ. వానాకాలం మొదట్లో దగ్గుతో మొదలైంది. జలుబన్నారు, పడిసెం అన్నారు, తులసాకు నమిలారు. తర్వాత రక్తం పడింది. ఆస్పత్రిలో సెయ్యాల్సిందల్లా సేసారు. పోయిన ఆదివారం ఇంటికి తీసుకెల్లిపొమ్మన్నారు. ఇంటికంటే... మీకు తెలుస్తంది కదా.”

“వానాకాలంలో మొదలైతే ఇప్పుడా సెప్పడం? ఒక్క మాట నా సెవిని ఎయ్యలేకపోయారా?”

“ఎలాగెయ్యమంటారు? జాన్ పాల్ రెండుసార్లు వచ్చాడు. పెదనాన్న లోపల్నుంచి గడియ పెట్టీసుకున్నాడమ్మా అని ఎనక్కొచ్చీసాడు.”

“నీ కొడుకు పెళ్ళి కార్డు పట్టుకొచ్చాడనుకున్నాను.”

“కార్డు పట్టుకొచ్చింది మొదటిపాలి. రెండోపాలి రక్తం కోసం వచ్చాడు. మీదీ ఆయనదీ ఒకటే గ్రూపు.”

“నాకు... నాకు తెల్దు.”

“తలుపు తీసుంటే తెలిసీది.”

“బయటినుంచి అరవొచ్చు కదేటి ఆడు!”

“అరిసాడు. ఈ సందంతా ఇన్నాదిట. మీరే ఇనలేదు.”

“ఇప్పుడెలాగున్నాడు? మాట్లాడతన్నాడా?”

“రెండు మాటలకోసారి ఆగుతారు. తొంగుంటే ఊపిరాడదు, దిండ్లు ఎత్తుపెట్టి కూకోబెడతన్నాం. మొన్న ట్రంకు లాగమన్నారు. పిడులు ఒక్కొక్కటీ ఒళ్ళో పెట్టించుకుని సూసుకున్నారు. ‘అన్న సేత పూయించు, ఇంకెవరి సేతా వొద్దు’ అన్నారు.”

“నా సేతే ఎందుకట?”

“నానూ అడిగాను. ‘నాన్న నలుపు అన్నకే వచ్చింది’ అన్నారు. అంతకంటే సెప్పలేదు. దగ్గొచ్చీసింది.”

“అబద్ధం. ఆడికే బాగా వచ్చును. స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు పనికెల్లిపోనాడు గాని, పని ఆడిదే. తారుగడ్డ కరిగినప్పుడు అవిసె నూనె ఎప్పుడు పొయ్యాలో వాసన బట్టి సెప్పీసీవోడు. నాకిప్పటికీ పుల్లతో ఎత్తి, తీగ సాగుతాదా లేదా సూసుకుంటేగాని తెల్దు. నాన్న నన్ను కొట్టీవోడు, ఆణ్ణి సూసి నవ్వీవోడు.”

“ఆ మాట ఆయనకి సెప్పండి. ఒక్కపాలి వచ్చి సెప్పండి.”

“నాను సెప్పను.”

“పోనీ పిడులైనా...”

“పూయను. తీసుకెల్లిపో.”

“బావగారూ, అలా అనకండి.”

“తీసుకెల్లిపో రోజలిన్. నా సేతులు రావు.”

“ముక్కూ మొహం తెలీనోళ్ళకి పూస్తారు కదా.”

“పూస్తాను! ఈ ఊళ్ళో సమాధుల తోటలన్నిట్లోనూ నా సేతి నలుపున్నాది. మరి మీ అక్కకేదీ? సెప్పు, దీవెనమ్మకి ఏ పిడి ఉన్నాది? పిడి దాకా ఎందుకు, పెట్టే లేదు. వొడ్రంగి కొట్లన్నీ మూసీసారు. కవరులో సుట్టీసి తీసుకెల్లిపోనారు మనిషిని.”

“తెలుసు.”

“నీకేటి తెలుసు? ఆ పొద్దున్న ఆస్పత్రోళ్ళు ఫోన్ సేసి, అయిపోనాది, బండిలో నేరుగా తోటకే తీసుకెల్తన్నాం, మీరు గేటు దాటి రాకూడదు అన్నారు. కరోనా రూలట. నాను ముందు ఎవరికి సేసాను ఫోను? పాస్టరు అయ్యగారికి కాదు. మధురవాడలో ఉన్న మా అమ్మాయి ఫెబాకి కూడా కాదు. ఆడికి. మోగుతానే ఉన్నాది. మళ్ళీ సేసాను. మళ్ళీ సేసాను. పొద్దు గూకేదాకా ఎత్తలేదు.”

“ఆ రోజు ఆయన...”

“నన్ను సెప్పనీ! సీకటి పడ్డాక సేసాడు. ఏటన్నాడో తెలుసా? ‘కుదరలేదన్నా’ అన్నాడు. కుదరలేదట! మా అమ్మ పోయేసరికి ఆడు ఇంతుంటాడు. నా పెళ్ళాం వచ్చాకే ఆ ఇంట్లో ఆడికి ఏళకి అన్నం. జొరం వస్తే ఒళ్ళో పెట్టుకుని కూకునీది. ఆవిడ పోతే ఆడికి కుదరలేదు. రోగం అంటుకుంటాదని బెదిరిపోనాడు.”

“బెదిరిపోలేదు.”

“మరేటి?”

“బెదిరిపోలేదు. అంతే.”

“అంతేనేటి! మరెందుకు రాలేదో సెప్పు.”

“నన్నడక్కండి. నాను మాటిచ్చాను.”

“ఎవరికి?”

“వొద్దులెండి. నాను రావడమే తప్పు. ఆ పిడులు ఇలా ఇచ్చీండి. గాజువాకలో బళ్ళకి రంగేసీ కుర్రాళ్ళున్నారు, స్ప్రే కొట్టించీస్తాను. నలుపు నలుపే కదా. ఆయనకి కళ్ళు కూడా సరిగ్గా ఆనట్లేదు ఇప్పుడు. తెలీదు.”

“స్ప్రేనా? నాన్న పిడులకి?”

“మీరు పూయరు కదా మరి.”

“ఆగు. సంచి ఒగ్గీ. ఎవరికిచ్చావు మాట? ఆడికేనా?”

“ఒగ్గీండి బావగారూ, బస్సెల్లిపోతాది.”

“ఒకటి పోతే ఇంకోటొస్తాది. నాలుగేళ్ళబట్టీ నాను ఒకే మాట నవుల్తన్నాను, రోజలిన్. తమ్ముడు రాలేదు, తమ్ముడు రాలేదు అనీసి. ఇంకేదైనా ఉంటే సెప్పు. సెప్పకపోతే ఆడు పోయాక కూడా అదే నవుల్తాను.”

“సెప్తే ఆయన నన్ను క్షమించరు.”

“ఆడికి నాను సెప్పను.”

“ఒట్టా?”

“మీ అక్క ఫోటో మీద సెయ్యి పెడతన్నాను. సూడు.”

“అక్కని గేటు లోపల మోసినోళ్ళు నలుగురున్నారు కదా. ఎవరో తెలుసా మీకు?”

“ఎలా తెలుస్తాది? ఒంటినిండా తెల్లబట్టలు, మొహాలకి అద్దాలు. మున్సిపాలిటీవోళ్ళు.”

“ఇద్దరే మున్సిపాలిటీ. ఇద్దరు సంఘం నుంచి పేర్లిచ్చినోళ్ళు. ఆ రోజుల్లో పోయినోళ్ళని దించడానికి మనుషుల్లేరని మా అయ్యగారు గుళ్ళో అడిగారట. ఎవరూ లేవలేదట. ఈయన లేసారు, ఆ ఎనక ఇంకొకరు. నాకు సెప్పలేదు, మా అమ్మకీ సెప్పలేదు. ప్లాంటులో డ్యూటీ అనీసి పొద్దున్నే ఎల్లీవోరు. వచ్చి మేడమీద గదిలో ఒక్కరే తొంగునీవోరు. జనంలో తిరిగొస్తన్నాను, దగ్గరికి రావొద్దనీవోరు. నిజమే కదా అనుకున్నాను.”

“ఎవరి గురించి సెప్తన్నావు?”

“మీ తమ్ముడి గురించి. ఆ నలుగురిలో ఆయనొకరు.”

“కాదు.”

“ఆ బట్టలు తొడుక్కున్నాక ఫోను ముట్టుకోకూడదట. బండిలో ఒగ్గీసారు. మీరు సేసినప్పుడల్లా అది బండిలో మోగింది. ఆ రోజు ఆస్పత్రి బండి తలుపు తీసి, కవరు మీద సీటీ సదివితే దీవెనమ్మ అని ఉందట. అప్పటిదాకా ఆయనకీ తెలీదు అక్క పోయిందని.”

“కాదమ్మా. అబద్ధం. ఆణ్ణి ఎనకేసుకొస్తన్నావు.”

“అబద్ధమాడ్డానికి, అక్కడ ఆయన్ని పక్కింటోళ్ళకి ఒప్పజెప్పి ఇంత దూరం వస్తానేటి?”

“మరైతే ఆ రాత్రి ఫోనులో ఎందుకు సెప్పలేదు? ‘నానే మోసానన్నా’ అంటే ఆడి నోరు పడిపోతాదా? ఆ ఒక్కమాట అంటే నాను ఆడి కాళ్ళు పట్టుకుందును కదా!”

“కాళ్ళు పట్టుకున్నాక ఏటడుగుదురు?”

“ఏటడుగుతాను?”

“ఎలా దించారురా అని అడుగుతారు.”

“అడుగుతాను. ఎందుకడగను?”

“అదే ఆయన సెప్పలేకపోయారు. ముందురోజంతా వాన. గుంట మిషనుతో తవ్వీసారు, గట్టు నానిపోయి ఉంది. తాళ్ళేసి దింపుతుంటే ఎవరిదో కాలు జారింది, ఒకపక్క తాడు ఒగ్గీసారు. అక్క ఒక్కసారిగా... తలవైపు కిందకెల్లిపోయింది బావగారూ. ఈయన గుంటలోకి దిగీసి, రెండు సేతుల్తో ఎత్తి సరిగ్గా పడుకోబెట్టారట. అలా దిగకూడదని పైనున్నోళ్ళు తిట్టారట.”

“ఊఁ.”

“నాకూ మొన్ననే సెప్పారు, పిడులు తీయించిన రోజు. ‘అన్న బుర్రలో వదిన పడుకున్నట్టే ఉండాల రోజలిన్, పడిపోయినట్టుండకూడదు. నన్ను తిట్టుకుంటే తిట్టుకోనీ’ అన్నారు. నా సేత మాట తీసుకున్నారు. ఇదిగో, తప్పీసాను.”

“బట్టీ ఆపీ.”

“ఏటండీ?”

“ఆ గ్యాసు. ఎర్రది. కుడిపక్కకి తిప్పీ.”

“లోపల సామాన్లున్నాయి కదా? పూత పాడైపోదూ?”

“పోనీ. నా సొక్కా ఏదీ? ఆ మేకుకున్నాది, ఇటియ్యి.”

“ఎక్కడికి?”

“కూర్మన్నపాలెం.”

“ఇప్పుడా? సేతులైనా కడుక్కోండి.”

“పోదని సెప్పాను కదా ఈ నలుపు. పద. బస్సొద్దు, ఆటో పిలు.”

“పిడులు ఇక్కడ ఒగ్గీమంటారా?”

“ఒగ్గీకు, పట్టుకో. ఉప్పు కాగితం, ఆ డబ్బా కూడా సంచిలో ఎయ్యి. ఆడి మంచం పక్కన కూకునే గీకుతాను. తారుగడ్డ అక్కడే కరిగిస్తాను. నూనె ఎప్పుడు పొయ్యాలో ఆడే సెప్తాడు.”

“మందు వాసనకే దగ్గొస్తంది ఆయనకి. ఇది...”

“వాకిట్లో కరిగిస్తాను. కిటికీ సందులోంచి ఆడికి కాస్త వాసన తగిల్తే సాలు.”

“బావగారూ, ఒక్కమాట. మీ కాళ్ళకి దండం పెడతాను. ఆ తాడు సంగతి ఆయన దగ్గర ఎత్తకండి. నాను సెప్పీసానని తెలిస్తే, మీరు ఎలా తట్టుకుంటారో అనుకునే పోతారు.”

“ఎత్తను. నువ్వు సెప్పక ముందునుంచే నాకు తెలుసు ఆ సంగతి.”

“మీకెలా తెలుసు?”

“సూసాను కదా. గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డాను. తాడు జారడం సూసాను. అప్పుడా నలుగురిలో ఒకడు గుంటలోకి దూకీసాడు. మిగతావోళ్ళు అరస్తన్నారు, ఆడు ఇన్లేదు. సంటిపిల్లని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టి, పైకొచ్చి, ఆ బురదలోనే కాసేపు మోకాళ్ళ మీద ఉండిపోనాడు. ఏ తల్లి కన్నాదో ఈ బిడ్డని అనుకున్నాను. తమ్ముడి పేరు ఆ రోజునుంచీ ఎత్తలేదు నాను. గాని నాలుగేళ్ళబట్టీ, రోజూ తొంగోబోయే ముందు, మా ఫెబా కంటే ముందు ఆ మనిషి కోసమే ప్రార్థన సేత్తన్నాను రోజలిన్. ‘ప్రభువా, ఆడెవడో నాకు తెల్దు. నీకు తెలుసు. ఆణ్ణి సల్లగా సూడు’ అని.”